దయామణక్క వదిలేసిన గోడ

పక్కింటోళ్లు గోడలకు సున్నం కొడతా ఉన్నారు పిల్లలూ. ఆ పచ్చి వాసన ముక్కుకు తగిలితే చాలు, నాకు దయామణక్క గుర్తొచ్చి నవ్వొస్తది. మీరు ఆమెను చూడలేదు. గూడూరు పక్కన మైకా గని ఉండేది గదా, ఆ షెడ్డులో మేము ఆడోళ్లం వరసగా కూర్చొని కత్తులతో అభ్రకాన్ని రేకులు రేకులుగా చీల్చేవాళ్లం. కాకిబంగారం అంటామే, అదే. వాకాడు నించి కోడలిగా వచ్చిన దయామణక్క మా మేస్త్రి. నాకు కత్తి పట్టడం నేర్పింది ఆమే. మాకు అక్షరాలు రావని, ఎవరి చోటు వాళ్లకు తెలిసేటట్టు గోడ మీద కత్తి మొనతో ఒక్కో గుర్తు గీయించింది. ఆమెది చేప, నాది దువ్వెన.

గని మూతపడి ఎన్నేళ్లయినా అక్క ఆ షెడ్డును వదల్లేదు. దాన్ని పడగొట్టి రాళ్లు రోడ్డుకు వేస్తారని తెలిసి, ఆఫీసుల చుట్టూ తిరిగింది. చివరికి మూడేళ్ల కింద, పాత కట్టడాలు చూసే ఆఫీసరమ్మ వస్తానని కబురు పంపింది. ఆమె ఉంచమంటేనే షెడ్డు మిగిలేది. అక్కేమో కంటి ఆపరేషన్‌కి నెల్లూరు పోయుంది. అంత పెద్దామె వస్తా ఉంటే ఊరుకుంటామా? నేనే పదిమందిని పోగేసి, షెడ్డంతా కడిగించి, గోడలన్నిటికీ సున్నం కొట్టించినా. వాకిట్లో ముగ్గు కూడా పెట్టినాం!

మర్నాడు పొద్దున అక్క బస్సు దిగి వచ్చి, గడపలోనే నిలబడిపోయింది. "మీ తెలివి తెల్లారినట్టే ఉంది! ముసలిదాన్ని పెళ్లికూతుర్ని చేసినారా?" అనింది. అంతలోనే ఆఫీసరమ్మ వచ్చి నాలుగు గోడలూ చూసి, "ఇందులో పాతది ఏముందమ్మా?" అని అడిగింది.

నేను అక్క చెయ్యి పట్టుకొని, "తప్పు నాదక్కా, గుర్తులన్నీ నేనే కప్పేయించినా" అని ఏడ్చేసినా.

"ఏడవబాకే. సున్నం పైపైనే గదా ఉండేది. పోయి కత్తులు తేండి" అనింది అక్క. కంటికి నల్లద్దాలతోనే గోడ తడిమి, "ఇక్కడ అంచు లేచింది చూడు. మెల్లగా, మెల్లగా" అని చెప్తా ఉంటే, ముసలోళ్లం అందరం మైకా చీల్చినట్టే సున్నం పెచ్చులు లేపినాం. ముందు చేప తోక బయటపడింది. ఆనక నా దువ్వెన. ఆఫీసరమ్మ చెప్పులు విడిచి మా పక్కన నేల మీద కూర్చొని, ఏ గుర్తు ఎవరిదో అడిగి అడిగి రాసుకునింది. పోయేటప్పుడు, "దీన్ని ఎవరూ ముట్టుకోకూడదని రాస్తానమ్మా" అనింది.

మూడు గోడలయినాక అక్క, "ఇంక చాల్లే. నాలుగోది అట్నే ఉండనీ. మనం చేసిన ఘనకార్యం కూడా పిల్లకాయలకు తెలియాల గదా" అనింది.

ఇప్పుడు అక్క లేదు. బడి పిల్లకాయలు వస్తే షెడ్డు చూపించేది నేనే. గుర్తులన్నీ చూపించినాక, ఆ తెల్లగోడ ముందు నిలబెట్టి, "దీనికి సున్నం కొట్టించింది నేనే" అని గట్టిగా చెప్తా. వాళ్లు నవ్వుతారు. వాళ్లకంటే ముందు నేనే నవ్వుతా.