అత్తను అలసగొట్టబోయి

రోగిని వదిలేసి, వెంట వచ్చినవాణ్ణి పరీక్షబల్ల ఎక్కించిన డాక్టరును మీరెప్పుడైనా చూశారా? నేను చూశాను. బల్లెక్కింది నేనే. ఆ ఘోరాన్ని స్వహస్తాలతో ఎలా తెచ్చుకున్నానో చెబుతాను, వినండి.

రాష్ట్ర సరిహద్దు అవతల కొంటాలో మా మేనత్త సమ్మక్క హైవే పక్కన టిఫిన్ బండి నడుపుతుంది. పొద్దున పులి. సాయంత్రానికి కనురెప్ప దుకాణం షట్టరులా జారేది, మాట ముక్కులోంచి వచ్చేది, ముద్ద నమలలేక పళ్లెం పక్కన పెట్టేది. కొత్తగా ఫిజియోథెరపీ చదివిన నాకు అనుమానం తగిలింది: మయస్థీనియా గ్రేవిస్. అరుదైన జబ్బు. నరం పంపే కబురు కండరానికి సరిగా అందదు. వాడేకొద్దీ కండరం సోలిపోతుంది, విశ్రాంతినిస్తే కోలుకుంటుంది.

చిక్కంతా అక్కడే. జగదల్‌పూర్‌కు నెలకోసారి వచ్చే నరాల డాక్టరు ముందు అత్త కళ్లు హెడ్‌లైట్లలా వెలిగాయి. "ఏమీ లేదు" అని పంపేశాడు. జబ్బు తేలనిదే మందు లేదు. అత్తకేమో ముద్ద దిగడం రోజురోజుకీ కష్టమవుతోంది.

అందుకే ఈసారి అలసగొట్టి తీసుకెళ్లాలని ప్రణాళిక వేశాను. ఒకటి, మెట్లెక్కడం. రెండు, చేతులు చాచి నిలబడటం. మూడు, తల కదపకుండా పైకప్పు చూడటం. ప్రయాణం రోజు పొద్దున్నే మొదలుపెట్టాం.

"ఇదేంది అల్లుడా?"

"వైద్యం, అత్తా."

"అట్లయితే నువ్వు చెయ్యి ముందు. చూసి చేస్త."

చేశాను.

"సమజ్ కాలే. ఇంకోపాలి."

మళ్లీ చేశాను. మూడింటిలోనూ నేను ఉత్తీర్ణుణ్ణయ్యాక అత్త కాస్త చేసింది.

ప్రణాళికలో లేనిది బస్సొక్కటే. నా సీటు ఒక బాలింతకిచ్చి నేను జగదల్‌పూర్ దాకా నిలబడ్డాను. అత్త కిటికీ పక్కన కూర్చుని దారిలోని సుక్మా రాకముందే గురక పెట్టింది.

గదిలో అడుగు పెట్టగానే డాక్టరు తిన్నగా నా ముఖం మీదే టార్చి వేశాడు.

"ఈ రెప్పలు ఎన్నాళ్లనుంచి వాలుతున్నాయి? పడుకో."

"సార్, పేషెంటు ఆవిడ!"

"ఆవిడ నిక్షేపంగా ఉందే!"

మళ్లీ ఇంకో నెల ఆగాలా! ఏడుపొక్కటే తక్కువగా పొద్దుటి కథంతా కక్కేశాను. డాక్టరు మండిపడ్డాడు. "ఊపిరి తీసే కండరాలు కూడా అలిసిపోతే ఏం చేసేవాడివయ్యా?"

అప్పుడు లేచింది అత్త.

"ఏందీ? అది వైద్యం కాదా? నన్ను సతాయించనీకా? నిన్ను ఎత్తుకొని తిరిగిన చేతులురా ఇవి! పెద్ద సదువు సదివిండంట! ఇడ్లీ ఉడికిందో లేదో చూడరాదు, నా కండ్లు చూస్తడంట!"

తిట్లు తెలుగులో బయలుదేరి, హిందీ దాటి, అక్కడి గిరిజనుల దోర్లీలోకి ప్రవేశించాయి. "చాలత్తా" అంటూ బతిమాలుతుంటే డాక్టరు నా చెయ్యి పట్టుకున్నాడు.

"ఆపకు! బోల్నే దో, మాట్లాడనీ!"

తిట్టు తిట్టుకీ గొంతు ముక్కులోకి జారింది. ఎడమ రెప్ప మెల్లగా దిగింది. చివరి తిట్టు సగంలోనే నలిగి ఆగిపోయింది. డాక్టరు గుడ్డలో మంచుముక్కలు చుట్టి రెప్పమీద పెట్టించాడు. ఈ జబ్బయితే చల్లదనానికి వాలిన రెప్ప లేస్తుంది; కాసేపటికి లేచింది. తర్వాత వచ్చిన రక్తపరీక్ష కూడా నా అనుమానమే నిజమంది. మాత్రలు పడ్డాక అత్త సాయంత్రాలు కూడా చేపల పులుసుతో తృప్తిగా తింటోంది. తిట్లు కూడా పూర్తిగా తిడుతోంది.

ఆ రోజు గది దాటుతుంటే డాక్టరు వెనక్కి పిలిచాడు. "బాబూ, సాయంత్రం రెప్ప వాలినప్పుడు ఫోన్లో వీడియో తీసి తెస్తే సరిపోయేది కదా?"

ఫోను నా జేబులోనే ఉంది.

కనుక పాఠకుల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: ఇక బతికుండగా ఏ రోగినీ మెట్లెక్కించను, వీడియోనే తీస్తాను. అత్త నన్ను తిట్టేటప్పుడు మాత్రం తియ్యను. అంత ధైర్యం ఏ చదువూ నేర్పలేదు.