గోడకి పెట్టిన మంకీ క్యాప్

మా చిన్నోడి చేతిలోంచి ఫోన్ తీసుకుంటే వాడు ఏడవలేదు. నాకు భయం మొదలైంది సరిగ్గా అక్కడే. ఆ రోజుల్లో వాడికి రెండేళ్ళు. వాడి దగ్గర ఫోన్ లాక్కోవడమంటే మెల్బోర్న్ శివార్లలో, పాయింట్ కుక్‌లో మా వీధి వీధంతా వినే కార్యక్రమం. పక్కింటావిడ ఒకసారి కంచె మీదుగా తల పెట్టి "ఆల్ గుడ్, లవ్?" అని అడిగింది కూడా. అలాంటివాడు ఆ మధ్యాహ్నం, ఇటలీలో ఏదో సరస్సు ఒడ్డున, మూడో అంతస్తు వంటగదిలో, నా మొహంలోకి ఒక్కసారి చూసి, ఇక ఆ ఫోన్‌తో తనకేం పని లేనట్టు కళ్ళు మూసేసుకున్నాడు. పక్కన ఐదేళ్ళ వాళ్ళక్క బల్ల మీద తల ఆనించి, "మమ్మీ, మై హెడ్ ఈజ్ హెవీ" అంది. పొయ్యి మీద పప్పు ఉడుకుతోంది. (ఇద్దరూ ఇప్పుడు పక్కగదిలో నిద్రపోతున్నారు. ఈ నాలుగు ముక్కలు రాసేలోపు రెండుసార్లు లేచెళ్ళి ఊపిరి చూసొచ్చాను. నవ్వుకోండి, ఫరవాలేదు.)

అసలు అక్కడికి ఎలా చేరామంటే, డిసెంబరంటే మాకు పిల్లల సెలవులు, ఎండాకాలం. స్నేహితులంతా ఇండియా టికెట్లు కొనుక్కుంటుంటే మా ఆయనకి ఇంటర్నెట్‌లో ఒక సరస్సు దొరికింది. నీలం నీళ్ళు, పసుప్పచ్చ ఇళ్ళు, బాల్కనీ నిండా ఎర్రపూలు. "అక్కడ అప్పుడు చలికాలం కదండీ?" అన్నాను. "చలి మనకి కొత్తా ఏంటి? ఒక్క రోజులో నాలుగు కాలాలూ చూపించే మెల్బోర్న్‌లో ఉంటున్నాం. పైగా ఆఫ్ సీజన్, రష్ ఉండదు" అన్నారు. ఆ మాట మాత్రం అక్షరాలా నిజం. రష్ లేదు. హోటళ్ళన్నీ తలుపులు బిగించుకుని ఉన్నాయి. కుర్చీలన్నీ బల్లల మీద కాళ్ళు పైకెత్తి పడుకున్నాయి. ఐస్‌క్రీమ్ కొట్టుకి అడ్డంగా చెక్కలు కొట్టేశారు. హంస బొమ్మల పడవలని ఒకదానిమీద ఒకటి పేర్చి టార్పాలిన్ కప్పితే, దాని కిందనుంచి ఒక్క హంస మెడ మాత్రం బయటికొచ్చి మమ్మల్ని జాలిగా చూస్తోంది. పొగమంచులో సరస్సు మాకు ఒక్క పూటే కనపడింది. ఆ పూటే పిల్లకి ఎర్రకోటు వేసి నించోబెట్టి, ఫోటో తీసి, వాట్సాప్ స్టేటస్‌లో పెట్టేశాను.

ఫ్లాట్‌లో ఒక కరెంటు హీటరుంది. దాంతోపాటు మా రైస్ కుక్కర్ పెడితే ఇల్లంతా చీకటి. (రైస్ కుక్కర్ లేకుండా మావాళ్ళు స్వర్గానికైనా వెళ్ళరు.) మొదటిరోజు అలా కరెంటు పోతే, ఆ మూడంతస్తుల్లోనూ మేం కాక మిగిలిన ఒకే ఒక్క ప్రాణి, కింది వాటాలో ముసలావిడ, నల్ల స్వెటరు బిగించుకుంటూ వచ్చి స్విచ్ ఎక్కడుందో చూపించింది. ఒక వేలెత్తి, ఒకసారికి ఒక్కటే పెట్టుకోమని సైగ చేసింది. మా అమ్మాయి ఆవిడకి వెంటనే కింది ఆంటీ అని పేరు పెట్టేసింది. దాంతో వంటంతా గ్యాసు మీదకి మారింది. గ్యాసుంటే వెచ్చగా కూడా ఉంటుందని మా ఆయనకి ఐడియా వచ్చింది. నాలుగు బర్నర్లూ వెలిగించి, ఓవెన్ తలుపు బార్లా తీస్తే వంటగది మా కాకినాడలా అయిపోయింది. ఒక్కటే లోటు. పొయ్యి పక్కన గోడకి, కిందగా, పిడికిలి పట్టేంత కన్నం ఉంది. దానిలోంచి చలి ఈల వేసుకుంటూ లోపలికొస్తోంది.

"ఎవడో పైపు కోసం కొట్టి మర్చిపోయుంటాడు" అన్నారు మా ఆయన. ఆయన బీటెక్. నేను ఎమ్మెస్సీ. ఇద్దరం గొంతుక్కూర్చుని ఆ కన్నాన్ని చాలాసేపు పరిశీలించాం. చలిగాలి అంటే మా ఇంట్లో దొంగకన్నా ఎక్కువ భయం. పిల్లల చెవుల్లో అప్పటికే దూది ఉంది, కిటికీ సందుల్లో మేజోళ్ళు, తలుపు కింద తువ్వాలు. చివరికి మా ఆయన తలమీది మంకీ క్యాప్ తీసి (మా అమ్మ కొరియర్‌లో పంపిన ఊదారంగుది, పైన కుచ్చు ఉంటుంది), గోడ చెవిలో కూరి, తట్టి, "ఇదోయ్ ఇంజినీరింగంటే" అన్నారు. నేను చప్పట్లు కూడా కొట్టాను. మర్నాడు పొద్దుటినుంచీ నాలుగు మంటలూ ఆపలేదు. మధ్యాహ్నం ఆయన పెరుగు ఎక్కడైనా దొరుకుతుందేమో చూసొస్తానని బయటికెళ్ళారు.

ఆయన వెళ్ళిన కాసేపటికే ఆ ఫోన్ సంగతి. వాణ్ణి భుజాన వేసుకుంటే తడిబట్టలా వాలిపోయాడు. నాకూ తల దిమ్ముగా ఉంది. ప్రయాణం బడలిక అనుకున్నాను. మంటలు నీలంగా కాక పసుప్పచ్చగా ఊగుతున్నాయి. అందంగా ఉన్నాయి అనుకున్నాను. (ఎమ్మెస్సీ కెమిస్ట్రీయేనండీ. దాచను.) మా ఆయన ఫోన్ ఎత్తలేదు. అమ్మకి వీడియో కాల్ చేసి పిల్లల్ని చూపించాను.

"అదే! స్టేటస్‌లో ఎర్రకోటు చూసినప్పుడే అనుకున్నాను. ఊరందరి కళ్ళూ బిడ్డల మీదే. మిరపకాయలున్నాయా?"

"ఉన్నాయి గానీ అమ్మా, వీడు కళ్ళు తెరవట్లేదే..."

"అందుకేగా చెప్తున్నది! చదువు తర్వాత వెలగబెడుదువు గానీ, ముందు దిగదుడువు."

పెళ్ళిచూపుల్లో "నేను దిష్టీ గిష్టీ నమ్మను" అని ముక్కు ఎగరేసి చెప్పినదాన్ని. గుప్పెడు ఎండుమిరపకాయలూ ఉప్పూ పట్టుకుని, ఇరుగుదిష్టి పొరుగుదిష్టి, పాయింట్ కుక్ దిష్టి, వాట్సాప్ దిష్టి అంటూ ఇద్దరి చుట్టూ మూడుసార్లు తిప్పి మంటల్లో పడేశాను.

గుంటూరు మిరపకాయలు అవి. ఒక్క క్షణంలో కళ్ళు కనపడలేదు, గొంతు పట్టేసింది. పిల్ల బల్ల మీదనుంచి తలెత్తి దగ్గడం మొదలుపెట్టింది. ఆ ఘాటు భరించలేక మేజోళ్ళూ తువ్వాళ్ళూ పీకిపారేసి, బాల్కనీ తలుపు బార్లా తెరిచి, వాణ్ణి చంకనేసుకుని, పిల్ల రెక్క పట్టి ఈడ్చుకుంటూ పొగమంచులోకి వచ్చిపడ్డాను. వాడు ఒకసారి పొలమారి నా భుజం మీద వాంతి చేసుకున్నాడు. ఏడవలేదు. మళ్ళీ కళ్ళు మూసుకున్నాడు.

ఘాటు మెట్లమీదుగా కిందికి పోయినట్టుంది. కింది ఆంటీ తలుపు బాదింది. తీస్తే దగ్గుతూ, తిడుతూ లోపలికొచ్చింది. (తిట్లు ఏ భాషలోవైనా తెలిసిపోతాయి.) పొయ్యి చూసి ఆగింది. ఓవెన్ చూసింది. గోడ చూసింది. ఇక తిట్లు లేవు. గబగబా గ్యాసంతా కట్టేసి, ఊదారంగు కుచ్చు పట్టి టోపీ లాగి, చచ్చిన ఎలకలా నా మొహం ముందు ఎత్తిపట్టింది. కన్నం చూపించింది. పొయ్యి చూపించింది. నా బిడ్డని చూపించింది. రెండు చేతులూ చెంపకింద పెట్టి నిద్రపోతున్నట్టు కళ్ళు మూసింది. తర్వాత వేలు ఆకాశంకేసి ఎత్తింది. నాకు ఇటాలియన్ ఒక్క ముక్క రాదు. ఆ సైగలు మాత్రం మళ్ళీ చేయించుకోవాల్సిన అవసరం రాలేదు. బాల్కనీలో చతికిలపడ్డాను. అంబులెన్స్‌కి ఆవిడే ఫోన్ చేసింది.

మా ఆయనా అంబులెన్సూ ఒకేసారి వచ్చారు. ఆయన చేతిలో స్ట్రాబెర్రీ పెరుగు డబ్బాలు. "ఏమైంది? పప్పు మాడిందా?" అన్నారు. కింది ఆంటీ చేతిలో తన టోపీ, నా చేతుల్లో తన కొడుకు. చూసి అలాగే మెట్టుమీద కూర్చుండిపోయారు. ఆస్పత్రిలో మా నలుగురిలో ముగ్గురికి ఆక్సిజన్ మాస్కులు పెట్టారు. డాక్టరమ్మ వచ్చీరాని ఇంగ్లీషులో "కార్బన్ మోనాక్సైడ్. ఇంకొక్క గంట అయ్యుంటే..." అని మొదలుపెట్టి, నన్ను చూసి, ఆ వాక్యం పూర్తిచెయ్యకుండానే వెళ్ళిపోయింది. ఆ వాక్యాన్ని నేను ఇప్పటికీ పాయింట్ కుక్‌లో, ఇలాంటి చలిరాత్రుల్లో, పూర్తిచేస్తూనే ఉంటాను. మా వంటింటి కిటికీ జూలై చలిలో కూడా తెరిచే ఉంటుంది. గోడకి జలుబు చేస్తుందని టోపీ పెట్టించి చప్పట్లు కొట్టిన అప్పటి నన్ను తలుచుకుంటే మాత్రం కోపం రాదు. నవ్వొస్తుంది, వెనకే లేచెళ్ళి పిల్లల ఊపిరి చూసొస్తాను.

ఆస్పత్రిలో మర్నాడు పొద్దున్నే అమ్మ ఫోన్ చేసింది. జరిగిందంతా చెప్పాను. అంతా విని ముక్కు ఎగబీల్చి, "ఇంతకీ ఘాటొచ్చిందా?" అంది.

"ఊపిరాడనంత వచ్చిందమ్మా."

"అయితే దిష్టి కాదులేవే" అంది. దిష్టి ఉంటే ఘాటు రాదట.

ఆస్పత్రి మంచం మీద పిల్ల అంతా వింటోంది. "మమ్మీ, వాట్ హ్యాపెన్డ్ టు అజ్?" అంది. "ఇంటికి కూడా ముక్కుంటుంది బంగారం. మనకి తెలీక అది మూసేశాం" అన్నాను. కాసేపు ఆలోచించి, "సో ద హౌస్ కుడన్ట్ బ్రీద్?" అంది. "మనకీ ఆడలేదు" అన్నాను.

ఇంతలో చిన్నోడు లేచి, వాళ్ళ నాన్న జేబులోంచి ఫోన్ లాక్కుని బొమ్మలు పెట్టుకున్నాడు. నేను చెయ్యి చాపి మెల్లిగా ఆ ఫోన్ తీసేసుకున్నాను. వాడు నన్ను చూశాడు. పెదవి వణికింది. వార్డంతా తిరిగి చూసేలా గుక్కపట్టాడు. నర్సు పరిగెత్తుకొచ్చింది. మా ఆయన "ఇచ్చెయ్యవే, ఇచ్చెయ్" అంటున్నారు. నేను ఇవ్వలేదు. వాణ్ణి గుండెకి అదుముకుని చెవిలో చెప్పాను, "ఏడు నాన్నా. ఇంకా గట్టిగా ఏడు."