కదిలిన పల్లం

సికింద్రాబాద్‌లోని మా ల్యాబ్‌లో నాకు సీనియర్ అయిన అక్క, తను తయారుచేసే సెన్సార్‌తో చంటిపిల్లతో మాట్లాడినట్టు మాట్లాడేది. అది వెంట్రుకంత సన్నని గాజు తీగ, దాని మీద పల్చటి బంగారు పూత. పూతకు తగిలే ద్రవం మారితే తీగలోంచి వచ్చే వెలుగు మారి, తెరమీది గీతలో కనిపించే పల్లం పక్కకు జరగాలి. అలా జరిగితే పాలల్లో కల్తీని పట్టేయవచ్చని అక్క ఆశ. నెలలు గడిచినా జరగలేదు. ఈ వారం కూడా కాకపోతే పరిశోధనకు వేరే అంశం తీసుకోమని మా గైడ్ సార్ చెప్పేశారు.

ఆ సాయంత్రం అక్క కొత్త తీగను చక్కెర నీళ్లలో ముంచింది. "జెర కదులు బిడ్డా, నా ఇజ్జత్ నీ చేతులనే ఉంది!"

పల్లం జరిగింది. అక్క నమ్మలేదు. తీగను కడిగి మంచినీళ్లలో పెడితే పల్లం వెనక్కి వచ్చింది. చక్కెర నీళ్లలో పెడితే మళ్లీ జరిగింది. అక్క నా చేతులు పట్టుకుని గిరగిరా తిప్పేసింది. ఆ ఊపులోనే మారేడ్‌పల్లిలో ఉన్న వాళ్లమ్మకు ఫోన్ చేసింది.

"అమ్మా, కదిలిందే!"

రోజూ ఆ వేళకు అక్క ట్రాఫిక్‌లో ఆగిన బస్సులో ఉంటుంది. "హమ్మయ్య! సీటు సుత దొరికిందా?" అందావిడ.

అక్క పడీపడీ నవ్వింది. "దొరికిందమ్మా, కిటికీ పక్కనే!"