వీపు మీద జేబు

మా పక్కింటి లెక్కల మేష్టారు పోయిన మంగళవారం మధ్యాహ్నం నిద్రలోనే వెళ్ళిపోయారు. భోజనం చేసి, చేతులు కడుక్కుని, గోడవైపు తిరిగి పడుకున్న మనిషి నాలుగింటికి టీ కోసం లేవలేదు. మేష్టారి భార్యని నేను పిన్నిగారూ అంటాను. ఆవిడ మధ్యగోడ మీద రెండుసార్లు తట్టి, "ఒకసారి రా అమ్మాయ్" అన్నారు. ఆ గొంతు విన్నాక కత్తెర అక్కడే పడేసి పరిగెత్తాను.

అమలాపురంలో మా రెండిళ్ళకీ ఒకటే గోడ. పెంకుటిళ్ళు కదా, గోడకీ పైకప్పుకీ మధ్య జానెడు సందు ఉంటుంది, అటు మాటలు ఇటు వచ్చేస్తాయి. కాపురానికి వచ్చిన ఏడాదే నేను ఆ గోడపక్కన కుట్టుమిషను వేసుకున్నాను. మేష్టారు అంబాజీపేట హైస్కూలుకి సైకిలు మీద వెళ్ళొచ్చే రోజులు నాకు తెలుసు. రిటైరయ్యాక పదో తరగతి లెక్కల్లో తప్పినవాళ్ళని సాయంత్రం వసారాలో కూర్చోబెట్టి ఊరికే చెప్పేవారు. నేను జాకెట్లు కుడుతూ ఆ లెక్కలన్నీ విన్నాను. ఎవరైనా తప్పు చేసి పలక బోర్లించేస్తే ఆయన ఒకటే మాట అనేవారు. "చూపించరా. దాచేసిన లెక్క నేనెలా దిద్దుతాను?"

పందొమ్మిదివందల తొంభైలు సగం అయ్యేసరికి ఆయనకి చెయ్యి వణకడం మొదలైంది. బోర్డు మీద అంకెలు రానురానూ చిన్నవైపోయి, వరస చివరికి వచ్చేసరికి చీమలబారులా ఉండేవి. డాక్టర్లు పార్కిన్సన్స్ అన్నారు. నడక చిన్న చిన్న అడుగులైంది. ముఖంలో కదలిక తగ్గిపోయింది, దాంతో ఆయన హాస్యమాడుతున్నారో కోప్పడుతున్నారో తెలిసేది కాదు. దీన్ని మాత్రం ఆయన బాగా వాడుకున్నారు. రాయిలాంటి ముఖంతో ఏదో అనేసి, మనం కంగారుపడుతుంటే తీరిగ్గా చూసేవారు.

ఇక ఆయన గురక సంగతి. మధ్యాహ్నం భోజనమయ్యాక వెల్లకిలా పడుకోవడం మేష్టారికి ప్రాణం. పైన వాసాలు లెక్కపెట్టుకుంటూ నిద్రపోయేవారు. ముప్ఫై దాటేలోపే నిద్ర పట్టేసేదట, అంచేత కట్టించిన ఇంటికి వాసాలెన్నో ఆ లెక్కల మేష్టారికే ఎప్పుడూ తేలలేదు. నిద్ర పట్టగానే గురక ఎత్తుకునేది. వీధి చివర టీకొట్టు దాకా వినపడేది, అయినా వీధిలో ఒక్కరు కూడా ఆ మాట పైకి అనలేదు. మా ఊళ్ళో పెద్దమనిషి గురక పెడతాడని అనడం, ఆయన్ని చెయ్యిపట్టి బయటికి లాగినంత తప్పు. ఆదివారం చర్చిలో ప్రసంగం మధ్య ఆయన తల వాలిపోతే, పాపం కళ్ళు మూసుకుని ప్రార్థనలో ఉన్నారనేవారు.

ఆ గురక మధ్యలో ఉన్నట్టుండి ఆగిపోయేది. నేను చీర అంచుకి జానెడు ఫాలు కుట్టేదాకా అటునుంచి చప్పుడే ఉండేది కాదు. ఆ తరవాత నీళ్ళలో మునిగి తేలిన మనిషిలా ఒక్కసారి ఊపిరి లాక్కుని మళ్ళీ మొదలుపెట్టేవారు. కొన్నాళ్ళకి ఆ నిశ్శబ్దం వచ్చినప్పుడల్లా మిషను మీద నా కాలు కూడా ఆగిపోయేది. ఆయన ఊపిరి తీసుకున్నాకే మళ్ళీ తొక్కేదాన్ని. భయం వేసేది. ఎవరికి చెప్పను? పిన్నిగారితో అందామని రెండుసార్లు వెళ్ళి, కరివేపాకు అడిగి వచ్చేశాను.

క్రమంగా మేష్టారు పగలంతా జోగడం మొదలుపెట్టారు. లెక్క సగంలో ఉండగానే సుద్దముక్క చేతిలోంచి జారిపోయేది. పిల్లలు కదలకుండా కూర్చునేవారు, లేచి చూసుకుని ఆయన సిగ్గుపడేవారు. చివరికి సాయంత్రం పాఠాలు మానేశారు. కాళ్ళకి నీరు పట్టింది. వసారా మెట్లెక్కితే ఆయాసం. వాళ్ళ అమ్మాయి రాజోలులో టీచరు, సెలవురోజుల్లోనే రాగలదు. అందుకని గుండె డాక్టరు దగ్గరికి పిన్నిగారికి తోడుగా నేనే వెళ్ళాను.

డాక్టరుగారు అన్నీ చూసి, గురక పెడతారా అని అడిగారు.

"అబ్బే, లేదండీ" అన్నారు పిన్నిగారు. మేష్టారు కూడా "ఆయ్, అలాంటిదేం లేదండీ" అన్నారు. వెనక బల్ల మీద కూర్చున్న నేను నా గాజులు చూసుకున్నాను. నీరు తగ్గడానికి మాత్రలు రాసిచ్చారు, ఇంటికి వచ్చేశాం.

నెల తిరక్కుండా మళ్ళీ వెళ్ళాల్సొచ్చింది. నాడి ఒకసారి పరిగెడుతోంది, ఒకసారి తప్పుతోంది. గుండె అలిసిపోతోందనీ, ఎందుకలుస్తోందో తెలియకుండా మాత్రలు పెంచుకుంటూ పోతే ఎన్నాళ్ళో ఆగదనీ డాక్టరుగారు అన్నారు. మళ్ళీ గురక సంగతే అడిగారు. పిన్నిగారు మళ్ళీ "అబ్బే" అనబోతున్నారు. నాకు ఆ వసారా, బోర్లించిన పలకా గుర్తొచ్చాయి.

"పెడతారండీ" అన్నాను. "మా ఇంటికి వినపడుతుందండీ. మధ్యలో ఊపిరి ఆగిపోతుందండీ. జానెడు ఫాలు కుట్టేదాకా రాదండీ."

పిన్నిగారు నావైపు తిరగలేదు. డాక్టరుగారు పెన్ను కింద పెట్టి, మొదట్నించీ చెప్పమన్నారు. అంతా విని ఆయన చెప్పింది ఇదీ. నిద్రలో గొంతు వెనక కండ వదులై ఊపిరి దారి మూసుకుంటోంది, పార్కిన్సన్స్ ఉన్నవాళ్ళలో కొందరికి ఇదీ వచ్చి కలుస్తుంది. గాలి ఆగిన ప్రతిసారీ గుండె మీద భారం పడుతోంది. విశ్రాంతిగా ఉండాల్సిన వేళ అది బస్తాలు మోస్తోంది. పగటి కునుకు ముసలితనమూ కాదు, బద్ధకమూ కాదు, ఆయన అసలు సరిగ్గా నిద్రే పోవడం లేదు. హైదరాబాదులో పరీక్ష చేయించమన్నారు. ఈలోగా వెల్లకిలా మాత్రం పడుకోనివ్వద్దు, బనీను వెనక బంతి పెట్టి కుట్టండి, వెల్లకిలా తిరగబోతే గుచ్చుకుంటుంది అన్నారు.

ఇంటికి వచ్చాక మూడు రోజులు మధ్యగోడ మాట్లాడలేదు. నేను సరిగ్గా తిన్నదీ లేదు, కుట్టిందీ లేదు. పరువు తీశానని ఏడ్చాను కూడా. నాలుగో రోజు పొద్దున్నే మేష్టారు చిన్న చిన్న అడుగులేసుకుంటూ మా గుమ్మంలోకి వచ్చారు. ఒక చేతిలో బనీను, ఒక చేతిలో చెట్టుకింద రాలిన కొబ్బరి పిందె. ముఖం రాయిలా ఉంది. కాళ్ళమీద పడదామా అనుకున్నాను.

"ఊరంతా మర్యాదస్తులేనమ్మాయ్. ఆ మర్యాదతోనే నన్ను సాగనంపేసేవారు" అన్నారు. "నువ్వొక్కదానివీ మర్యాద తక్కువ మనిషివి దొరికేవు. ఇదిగో, జేబు కుట్టు."

ఆయన వెనకాలే పిన్నిగారు. చేతిలో గిన్నెతో పులస చేప పులుసు. అంతకంటే పెద్ద క్షమాపణ గోదావరి జిల్లాలో లేదు. "ముప్ఫై ఏళ్ళ బట్టీ పక్కనే పడుకుని వింటన్నానే. బాగా నిద్రపోతన్నారనే సంతోషించేను" అని పైటచెంగు కళ్ళకి అద్దుకున్నారు. నేనూ ఏడ్చాను. మేష్టారు మాత్రం పులుసు చల్లారిపోతోందన్నారు.

పిందె సైజు కుదరడానికి వారం పట్టింది. నిమ్మకాయంతదైతే దాని మీదే హాయిగా పడుకునేవారు, పెద్దదైతే వీపు కమిలింది. నడిమిరకం ఖాయం చేసి, నమూనా పిందె నా మిషను సొరుగులో పెట్టి వెళ్ళారు. ఒళ్ళు బిగుసుకుపోయి తనంతట తాను పక్కకి తిరగలేరు కాబట్టి పిన్నిగారు మంచం కోడుకి పాతచీర కట్టి, పట్టుకుని తిరగడం నేర్పారు. అప్పట్నించీ నెలకో జేబు కుట్టాను. తరవాత హైదరాబాదు నుంచి ముక్కుకి తగిలించుకునే గాలి యంత్రం వచ్చింది. దాన్ని ఆయన ఏనుగు తొండం అనేవారు. వేసవిలో కరెంటు పోతే తొండానికి సెలవు, పిందెకి డ్యూటీ.

వణుకు తగ్గలేదు, అది తగ్గేది కాదు. కానీ కాళ్ళ నీరు తీసింది, నాడి కుదురుకుంది, పగలు కళ్ళు తెరుచుకున్నాయి. సాయంత్రం వసారాలో మళ్ళీ పలకలు మోగాయి. అంకెలు రాయడానికి చెయ్యి సహకరించకపోతే నోటితో చెప్పి పిల్లల చేత రాయించేవారు. అలా ఎన్ని ఏళ్ళు గడిచాయో, ఎంతమంది ఆ వసారా మీంచి పాసై వెళ్ళారో. నేను గోడకి ఇవతల మిషను ఆపకుండా తొక్కుకున్నాను. అంత నిశ్చింత నా జీవితంలో మరొకటి లేదు.

ఆయనకి మిగిలిన బెంగ ఒకటే. "ఒక్క పూట వెల్లకిలా పడుకోనివ్వవే. సొంతింటి వాసాలు లెక్కపెట్టుకుంటే తప్పేమిటి?" అని పిన్నిగారిని బతిమాలేవారు. "కుదరదండి" అనేవారావిడ. ఆ సంవాదం రోజూ మధ్యాహ్నం ఒంటిగంటన్నరకి జరిగేది, నేను గడియారం చూసుకోనక్కర్లేకపోయేది.

మంగళవారం సాయంత్రానికి రాజోలు నుంచి అమ్మాయి వచ్చింది. స్నానం చేయించాక పిన్నిగారు ఉతికిన బనీను తెచ్చి నా చేతిలో పెట్టారు. జేబు విప్పెయ్యమన్నారు. బ్లేడుతో నా కుట్లు నేనే ఒక్కొక్కటీ తెంపాను. పిందె నేల మీద పడి దొర్లుకుంటూ మంచం కిందకి పోయింది. బనీను తొడిగి, తెల్లచొక్కా వేసి, ఆయన్ని పెట్టెలో పడుకోబెట్టారు. పిన్నిగారు వంగి కాలరు సర్ది, చెవి దగ్గర మెల్లగా అన్నారు.

"ఇంక వెల్లకిలా పడుకోండి. నేనేమీ అననులెండి."

మేష్టారి ముఖం తిన్నగా ఇంటికప్పువైపు ఉంది. నేనూ తలెత్తి చూశాను. గోడ దగ్గర్నించి మొదలుపెట్టి వాసాలు ఒక్కొక్కటే లెక్కపెట్టాను. ముప్ఫై దగ్గరికి వచ్చేసరికి కళ్ళకి నీళ్ళు అడ్డం పడ్డాయి.