అక్క పంపిన వరద మట్టి

సముద్రం అడుగు బురదలో పాతకాలపు వానల జాడ ఉంటుందంటే మా అక్క నమ్మలేదు. నేను చదివేది అదే. ఓడ మీది నుంచి పొడవాటి గొట్టం దించి, బురదను పొరలు చెదరకుండా పైకి తీస్తారు. పై పొర మొన్నమొన్నటిది, కింది పొర వేల ఏళ్లనాటిది. వానలు గట్టిగా పడ్డ కాలంలో నది ఎక్కువ మట్టిని, ఆకుల చెత్తను మోసుకొచ్చి ఉంటుంది. వాటిని బట్టి వానల చరిత్ర రాస్తాం.

"గోదారి బురద మా ఇంట్లకే తెస్తది గదనే. గంత దూరం పోవుడెందుకు?" అంది అక్క.

అక్కవాళ్లది దుమ్ముగూడెం దగ్గర గోదావరి ఒడ్డు ఊరు. ఆ మాట నాకు పనికొచ్చింది. గొట్టంలో దొరికిన నల్ల పొర గోదావరిదేనని తేలాలంటే ఇప్పటి వరద మట్టి తెచ్చి పోల్చి చూపమన్నాడు మా గైడు. లేదంటే చివరి అధ్యాయం తీసెయ్యమన్నాడు. అది తీసేస్తే నా థీసిస్‌లో మిగిలేది కృతజ్ఞతల పేజీ.

ఆ వానాకాలం వరద వచ్చింది. అక్కవాళ్లను బడిలోకి తరలించారు. నీళ్లు తగ్గాక ఇంటికి చేరామని అక్క ఫోన్ చేస్తే, అందరూ బాగున్నారా అని అడిగాను. అడగకపోతే బాగుండదని అడిగాను.

"ఇల్లు కడిగినవా అక్కా?"

"ఇంక లేదు."

"కడగకు. వంటింట్ల ఒక మూల బురద ముట్టకుండ ఉంచు. ఆరినంక డబ్బాల పెట్టి పంపు."

"అవ్, సరే" అంది అక్క.

పొయ్యి అలకనిదే మంచినీళ్లు కూడా ముట్టని మనిషి మా అక్క. అలాంటిది, ఆ మూల మీద గంప బోర్లించి పన్నెండు రోజులు దాని పక్కనే వంట చేసింది. వచ్చినవాళ్లు ఇదేందని అడిగితే, "మా చెల్లె చదువు" అందట.

స్టీలు డబ్బా బస్సు పార్సిల్‌లో వచ్చింది. మట్టిని నీళ్లలో జల్లించి మైక్రోస్కోపు కింద పెట్టాను. గడ్డిపరకలు, పొట్టు, ఏవో ఆకుల ముక్కలు. అడవి అంతా కొట్టుకొచ్చిందని సంబరపడి గైడుకు చెప్పేశాను కూడా. ఆ తర్వాతే నీలం సున్నం పెచ్చులు కనిపించాయి.

గోదావరి సున్నం వేసుకోదు. గోడకు మట్టి తొక్కేటప్పుడు మావాళ్లు ఊక, గడ్డి కలుపుతారు. ఆ నీలం అక్క వంటింటిది.

వేల ఏళ్ల కిందటి వాన ఎంత పడిందో చెప్పగలదాన్ని, సొంత అక్క ఇంటి గోడ పడిందని రెండు వారాలకు తెలుసుకున్నాను. అదీ మైక్రోస్కోపులో. తల కొట్టేసినట్టయింది. అధ్యాయం పోయిందన్న దిగులు ఆ పూట గుర్తుకు రాలేదు.

ఫోన్ చేశాను. "అక్కా, వంటింటి గోడ పడ్డదా?"

"పడ్డది. నీకెవరు చెప్పిండ్రు?"

"నువ్వెందుకు చెప్పలే?"

"నువ్వు బురద అడిగినవ్. గోడ సంగతి జెప్తే చదువు ఇడిచి ఉరికొస్తవని చెప్పలే. గది పనికొచ్చిందా మరి?"

"వచ్చిందక్కా."

"ఇంక గావాల్నంటే మొహమాటపడకు. గోడంత ఉన్నది."