దర్శి దాకా చెప్పని మాట

చెప్పదలుచుకున్న విషయం మొదటి వాక్యంలోనే చెప్పమని, హైస్కూల్లో తెలుగు చెప్పినన్నాళ్ళూ పిల్లల్ని సతాయించాను కాబట్టి ముందే రాస్తున్నాను: మా వియ్యపురాలు అన్నపూర్ణగారి అన్నయ్య మొన్న ఏప్రిల్లో చనిపోయాడు, ఆ సంగతి దాచిపెట్టి ఆవిడను తాడేపల్లి నుంచి దర్శి దాకా బస్సుల్లో తీసుకెళ్ళింది నేను. కిందటిసారి కోటప్పకొండ ప్రయాణం గురించి ఈ బ్లాగులో రాస్తే, దర్శి వైపు దారి కూడా రాయమని ఇద్దరు ముగ్గురు అడిగారు. దారి రాస్తాను. దారితో పాటు వచ్చే మిగతాది కూడా చదవాల్సి ఉంటుంది.

అన్నపూర్ణగారి పుట్టిల్లు దర్శికి కాస్త అవతల ఒక పల్లెటూరు. విజయవాడలో కంటికి శుక్లం ఆపరేషన్ చేయించుకుని, కృష్ణ దాటితే మా ఇల్లే కదా అని మా దగ్గర దిగారు. నల్ల కళ్ళద్దాలు పెట్టుకుని మా వరండాలో కూర్చుని, నా కూరల్లో ఉప్పు గురించి తీర్పులిస్తూ వారం గడిపారు. మేమిద్దరం ఒకరినొకరం ‘వదినగారూ’ అని పిలుచుకుంటాం. ఆ ‘గారు’లో ఎవరి కారం వాళ్ళం కలుపుకుంటాం. అయినా ఆవిడకు నా మాట మీద ఒక గురి ఉంది. పిల్లల పెళ్ళిలో వాళ్ళు పెట్టిన పట్టుచీర బాగుందా అని అడిగితే బాగాలేదని పందిట్లోనే చెప్పినదాన్ని నేను. ఆ రోజు ముఖం మాడ్చుకున్నారు గానీ, తర్వాత ఏ సంగతైనా పదిమందినీ అడిగాక చివరికి నన్నడిగి తేల్చుకోవడం అలవాటు చేసుకున్నారు.

ఆ రోజు తెల్లవారుతూనే ఫోన్ మోగింది. అవతల ఆవిడ మేనల్లుడు రమణ. “పిన్నిగారూ, నాన్న పోయాడండీ. అత్తయ్యకి చెప్పకండి, తట్టుకోలేదు. సీరియస్‌గా ఉందని చెప్పి తీసుకురండి. ఈ ఎండలకి ఐసు కూడా నిలవదు. నాలుగింటి దాకా ఆపుతాం, ఆపైన పెద్దాళ్ళు ఒప్పుకోరు.” మా అబ్బాయి, కోడలు హైదరాబాదు నుంచి నేరుగా బయల్దేరారట. నేను సరేనన్నాను. మనవైపు చావు కబురు ఇలాగే ప్రయాణం చేస్తుంది. ‘సీరియస్’ అంటే ఏమిటో చెప్పేవాళ్ళకూ తెలుసు, వినేవాళ్ళకూ తెలుసు. ఇల్లు చేరేదాకా ఎవరూ బయటపడరు, అంతే.

అన్నపూర్ణగారికీ తెలుసు. నేను ‘సీరియస్‌గా ఉందట’ అనగానే చేతిలో కాఫీ గ్లాసు కింద పెట్టేశారు. ఆ నల్లద్దాల వెనక కళ్ళు ఎటు చూస్తున్నాయో తెలియలేదు. “వదినగారూ, మావాళ్ళెవరూ నిజం చెప్పరు. మీరు నోటికి అడ్డంలేని మనిషి. మీరు చెప్పండి. ఉన్నాడా?”

“ఉన్నాడు” అన్నాను. అంతటితో ఊరుకున్నా బాగుండేది. “గ్లూకోజ్ ఎక్కిస్తున్నారట, ఇప్పుడు కాస్త నయమట, కంగారేమీ లేదు” అని కూడా చేర్చాను. గ్లూకోజ్ గురించి నన్నెవరూ అడగలేదు. కంటి డాక్టరు నెలదాకా ఏడవకూడదన్నాడు కదా అని అప్పుడు నాకు నేను చెప్పుకున్నాను. అసలు సంగతి అది కాదు. అన్ని గంటలు ఆ ఏడుపు పక్కన కూర్చోవాల్సింది నేను. నా వీలు నేను చూసుకున్నాను.

ఆవిడ ఒక్కసారి ఊపిరి వదిలి, మిగిలిన కాఫీ తాగేశారు. అక్కడినుంచి ప్రయాణం నా చేతిలో లేకుండా పోయింది. నిదానంగా స్నానం చేశారు, పూజ చేసుకున్నారు, దారిలోకి పులిహోర కలుపుదామన్నారు. “తొందరగా పదండి వదినగారూ” అంటే, “మీరే అన్నారుగా కంగారేమీ లేదని” అన్నారు. ఆ రోజంతా నేనే అన్న మాట నాకు అడుగడుగునా అడ్డొచ్చింది.

తాడేపల్లి నుంచి గుంటూరు ముప్పావుగంట. బస్సులకు కొదవలేదు, రోడ్డు మీద నిలబడి చెయ్యెత్తితే చాలు. గుంటూరు బస్టాండులో మేం దిగేసరికి తొమ్మిదిన్నర దాటింది, దర్శి బస్సు ఇంజను ఆన్‌లోనే ఉంది. కండక్టరు “దర్శి, దర్శి” అని అరుస్తున్నాడు. నేను మెట్టు మీద కాలు పెట్టాను. వెనక్కి చూస్తే వియ్యపురాలు లేరు. పళ్ళబండి దగ్గర బత్తాయిలు ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూస్తున్నారు.

“పుల్లగా ఉంటాయేమయ్యా?”

“తేనెలాగుంటయ్యమ్మా. పేషెంటుకా? పేషెంటుకైతే ఇవి తీసుకోండి, ఇవి పల్చటి తొక్క.”

“మా అన్నయ్యకి. గ్లూకోజ్ పెట్టారంట. నోరు చేదుగా ఉంటుంది కదా, రసం తీసిస్తా” అన్నారావిడ.

“బస్సు పోతోంది, వదిలెయ్యండి” అని అరిచాను. “పోతే ఇంకోటొస్తుంది. ఉత్త చేతులతో ఎట్లా వెళ్తానండీ? నన్ను చూడ్డానికి ఎప్పుడొచ్చినా మిరపకాయల బస్తా భుజాన వేసుకుని, వీధి చివరినుంచే ‘ఒసేయ్ పూర్ణా’ అని కేకేసుకుంటూ వచ్చేవాడు. మా నాన్న పోయాక నన్ను పెంచిందే ఆయన” అంటూ ఒక్కొక్క పండూ నొక్కి చూసి సంచిలో వేయించారు. బస్సు పోయింది. పొగ ఒకటే మిగిలింది.

తర్వాతి దర్శి బస్సు మధ్యాహ్నానికి గానీ లేదన్నారు. అందుకని అద్దంకి బస్సు ఎక్కాం. చిలకలూరిపేట, మార్టూరు, మేదరమెట్ల మీదుగా రెండు రెండున్నర గంటల దారి. అటు వెళ్ళేవాళ్ళు ఎడమవైపు కూర్చోకండి, పొద్దుటి ఎండ ఆ వైపే. ఏప్రిల్ కాబట్టి దారి పొడుగునా మిరపకాయలు ఆరబోసి ఉన్నాయి. ఎర్రటి తివాచీలాగా ఉంటాయని చాలామంది రాస్తారు. తివాచీ తుమ్ములు తెప్పించదు, ఇవి తెప్పిస్తాయి. బస్సులో సగంమంది ముక్కులకు గుడ్డలు అడ్డం పెట్టుకున్నారు. మార్టూరు దగ్గర చీమకుర్తి రాళ్ళ లారీలు వరసగా ఆగిపోతే, వాటి వెనక మా బస్సు అరగంట నిలబడింది. నేను గడియారం చూసుకోవడం, ఆవిడ నన్ను చూడటం.

“ఎందుకండీ మాటిమాటికీ టైం చూస్తారు? సాయంత్రానికి చేరినా పరవాలేదు. రాత్రికి అక్కడే ఉంటాంగా” అన్నారు.

అద్దంకిలో దర్శి బస్సు బయటకు పెట్టి ఉంది గానీ డ్రైవరు భోజనానికి వెళ్ళాడు. ఎక్కి కూర్చున్నాక ఆవిడ కళ్ళద్దాలు తీసి, తల వెనక్కి వాల్చి, “చుక్కలు వేసే టైమైంది వదినగారూ” అన్నారు. మందు సీసా తీసుకుని ఆవిడ ముఖం మీదికి వంగాను. ఇప్పుడు చెప్పాలి అనుకున్నాను. కాలం చేశారు, కన్నుమూశారు, పరమపదించారు, తనువు చాలించారు, దాటిపోయారు. పర్యాయపదాలని వీటినే కదా పిల్లలచేత వల్లె వేయించాను. అన్నీ గుర్తొచ్చాయి, ఒక్కటీ నోట్లోంచి రాలేదు. భాషలో దీనికిన్ని మాటలు ఎందుకున్నాయో అప్పుడు తెలిసింది. ఉన్న ఒక్క మాటా అనలేక ఎవరికి వారు ఒకటి కట్టుకున్నట్టున్నారు. జానెడు దూరంలో ఆ ఎర్రటి కన్ను నన్నే చూస్తోంది.

“చుక్క చెంప మీద పడిందేంటండీ?”

“బస్సు కుదుపు” అన్నాను. బస్సు ఆగే ఉంది.

ముండ్లమూరు మీదుగా దర్శి చేరేసరికి మూడున్నర దాటిపోయింది. అక్కడినుంచి ఆవిడ ఊరికి ఆటోనే దిక్కు, మామూలుగా అయితే గట్టిగా బేరమాడాలి. ఆటోవాలా నడివయసు మనిషి, మస్తాన్ అట. “యాడికమ్మా?” అన్నాడు. అన్నపూర్ణగారు ఊరి పేరు, అన్నగారి పేరు చెప్పారు. అతను ఆవిడ చేతిలో బత్తాయిల సంచి వంక చూశాడు. నోరు తెరిచి మళ్ళీ నావైపు చూశాడు. నేను తల అడ్డంగా ఊపాను.

“ఎక్కండమ్మా” అన్నాడు, గొంతు తగ్గించి.

“ఎంత తీసుకుంటావో చెప్పలేదు?”

“ఎంతో కొంత ఇయ్యండి. ముందు ఎక్కండి.”

ఆటో కదిలింది. గతుకుల్లో కూడా ఆపకుండా తోలుతున్నాడు. కాసేపు ఆవిడ పొలాల వైపు చూస్తూ కూర్చున్నారు. “దర్శి ఆటోవాళ్ళు బేరం ఆడకుండా ఎక్కించుకోవడం నేనెప్పుడూ చూళ్ళేదు” అన్నారు, మెల్లగా.  ఆవిడ సంచిని ఒళ్ళోంచి తీసి నా ఒళ్ళో పెట్టారు. ఇక నన్నేమీ అడగలేదు. అడగవలసిన అవసరం తీరిపోయింది.

ఊరు ఇంకా కనబడకముందే డప్పులు వినబడ్డాయి, వెంటనే ఆగిపోయాయి. మస్తాన్ ఆటోను రోడ్డు పక్కకు తీసి ఇంజను కట్టేశాడు. ఎదురుగా జనం, మగవాళ్ళంతా. మధ్యలో పాడెను నేలమీద దించి ఉంచారు. మనవైపు శ్మశానానికి వెళ్ళే దారిలో ఒకచోట అలా దింపుతారు, దింపుడు కళ్ళం అంటారు. అయినవాళ్ళు వంగి, చెవి దగ్గర పేరుపెట్టి మూడుసార్లు పిలుస్తారు. ఒకవేళ పలుకుతాడేమోనని. ఆడవాళ్ళు ఇంటి దగ్గరే ఆగిపోతారు, అంతదూరం రారు. రమణ వంగి “నాన్నా” అని పిలుస్తున్నాడు.

అన్నపూర్ణగారు దిగి నడిచారు. జనం దారి ఇచ్చారు. ఒక పెద్దాయన “ఆడమనిషి ఇక్కడికి...” అనబోతే ఇంకొకాయన కసిరాడు: “నోర్ముయ్‌రా! చెల్లెలు. పిలవనీ.”

ఆవిడ రోడ్డు మీద మోకాళ్ళ మీద కూర్చుని, కళ్ళద్దాలు తీసేసి, ఆయన చెవి దగ్గరికి వంగారు. “అన్నయ్యా, నేను పూర్ణని. వచ్చాను. అన్నయ్యా, బత్తాయిలు తెచ్చాను.” మూడోసారి మాట రాలేదు, ఉత్త గాలి వచ్చింది.

నేను ఆ బత్తాయిల సంచి పట్టుకుని అంతమంది మగవాళ్ళ ముందు నిలబడి ఉన్నాను. పొద్దున్నే పోయిన మనిషికి పళ్ళు. కసిరినాయన సంచి వంక చూసి, “చెప్పి తీసుకురాలేదా అమ్మా?” అన్నాడు. రమణ తల దించుకున్నాడు. చెప్పొద్దన్నది ఇతనే అన్న మాట ఆ క్షణంలో నాకు నిజంగానే నోటిదాకా వచ్చింది. రోజంతా రాని మాటలు తప్పించుకోవడానికి మాత్రం ఎంత చప్పున వస్తాయో. సిగ్గుతో మింగేశాను. తర్వాత పాడె లేచింది, డప్పులు మొదలయ్యాయి, మేమిద్దరం ఊళ్ళోకి నడిచాం.

పెదకర్మ దాకా నేనక్కడే ఉన్నాను. అన్నపూర్ణగారు ఒక్క మాట తూలలేదు. నాకు విడిగా చప్పిడి కూర చేయించారు, నాకు బీపీ అని గుర్తుపెట్టుకుని. వచ్చేసేముందు రోజు మధ్యాహ్నం వసారాలో కూర్చున్నప్పుడు ఆవిడే ఆ మాట ఎత్తారు. “చెప్పుంటే గుంటూరులోనే ఆ బస్సు ఎక్కేదాన్ని. ఇంట్లో ఆడవాళ్ళందరితో కలిసి ఏడ్చేదాన్ని. ముఖం కడిగి బొట్టు పెట్టేదాన్ని. రోడ్డు మీద చూసుకోవాల్సొచ్చింది.” నేను తలూపాను. కోపం ఏమాత్రం లేకుండా, నిజంగానే తెలుసుకోవాలని అడుగుతున్నట్టు అన్నారు: “ఇన్నాళ్ళూ ఎవరేం చెప్పినా చివరికి మిమ్మల్ని అడిగి నమ్మేదాన్ని వదినగారూ. ఇకనుంచి ఎవర్ని అడగను?”

మర్నాడు తాడేపల్లి వచ్చేశాను. ఆవిడ కంటికి ఏమీ కాలేదు, తర్వాత డాక్టరు చూసి బ్రహ్మాండంగా ఉందన్నాడు. నాకున్న ఒక్క సాకూ అలా పోయింది. ఇదే మాట ఇంకెవరైనా అని ఉంటే ఆవిడ నమ్మేవారు కాదు. ‘సీరియస్’ అన్న మాటకు అందరూ చెప్పుకునే అర్థమే చెప్పుకుని, దారంతా ఏడ్చుకుంటూనైనా వేళకు ఇల్లు చేరేవారు. నేనన్నాను కాబట్టే నమ్మారు. ముక్కుసూటి మనిషినని ఊళ్ళో పేరు తెచ్చుకున్నాను. తీరా చూస్తే నా ముక్కుసూటితనమంతా ఎదుటివాళ్ళ పట్టుచీరల మీదే. మొన్న ఫోన్ చేసినప్పుడు ఆవిడ నా కాలినొప్పి ఎలా ఉందని అడిగారు. తగ్గిందని చెప్పాను. ఆవిడ “సరే” అని, ఫోన్ హైదరాబాదు నుంచి వచ్చి ఉన్న మా అబ్బాయికి ఇవ్వమన్నారు. వాణ్ణి మళ్ళీ అదే అడిగారు.

దర్శి వెళ్ళేవాళ్ళకు: గుంటూరులో పొద్దున ఉండే నేరు బస్సు వదులుకోకండి. అది పోతే అద్దంకిలో మారాలి, అక్కడ ఎంతసేపు ఆగాలో కండక్టర్లకే తెలియదు. పళ్ళు దర్శిలోనూ దొరుకుతాయి. మీ పక్కన కూర్చునే మనిషికి చెప్పాల్సిన మాట ఏదైనా ఉంటే మాత్రం ఇంట్లోనే, చేయి పట్టుకుని, ఒక్క వాక్యంలో చెప్పేసి, అప్పుడు చెప్పులు వేసుకోండి. బస్సెక్కాక చెప్పడం కుదరదు.