విస్తరిలో మడిచిన పలువరుస

మా ఇంట్లో పన్ను కట్టేది నాన్న. పన్నుకు కట్టించుకున్నది నేను. ఎవరి నొప్పి ఎక్కువని అడిగితే ఇద్దరం ఒకరినొకరం చూపించుకునేవాళ్ళం.

నా పైవరుసలో ముందుపళ్ళు రెండూ సిటీ బస్సు ఫుట్‌బోర్డు మీద వేలాడేవాళ్ళలా బయటికి వంగి ఉండేవి. కోరపన్ను ఒకటి సీటు దొరక్క చిగురు మీదికెక్కి కూర్చుంది. అందుకే నవ్వొచ్చినప్పుడల్లా నా చెయ్యి నోటికి అడ్డం పోయేది. నేను నవ్వుతున్నానో దగ్గుతున్నానో మేష్టర్లకు తెలిసేది కాదు. ఇంటర్ అయ్యేసరికి నాకున్న ఆశయం ఒక్కటే: చెయ్యి అడ్డం పెట్టుకోకుండా నవ్వాలి. ఐఐటీ కన్నా అదే కష్టమనిపించేది.

బీఫార్మసీలో చేరిన ఏడాది గాజువాకలో ఒక పళ్ళ డాక్టరమ్మ నాకు క్లిప్పులు వేసింది. మొదటి చూపులోనే భీమిలి మావయ్య కొడుకు అందుకున్నాడు.

"ఏటి బావా, స్టీల్ ప్లాంటులో సోటు సాల్లేదని మీ నాన్న నీ నోట్లో పట్టాలేసీసేడేటి?"

"గూడ్సొత్తంది, తప్పుకో బావా," అన్నాను. అనగానే తీగ కొస బుగ్గలో గుచ్చుకుంది. ఆ రోజుల్లో నా ప్రతి జోకుకూ నెత్తురు చిందేది.

తీగ లాగితే డొంకంతా కదులుతుందన్న సామెత ఎవరో పళ్ళ డాక్టరే పుట్టించి ఉంటారు. ఆవిడ నెలకోసారి తీగ బిగిస్తే పళ్ళతో పాటు కణతలు, చెవులు, ఆ వారం తిండీ అన్నీ కదిలిపోయేవి. గుచ్చుకునేచోట మైనం ముద్ద అంటించుకుని, నోటిపూతకు మందు రాసుకుని, కాలేజీ కుళాయి దగ్గర బ్రష్షుతో నిలబడి క్లిప్పుల మధ్య ఇరుక్కున్న గోంగూర పీచుతో యుద్ధం చేసేవాణ్ణి. సరిగా తోమకపోతే క్లిప్పులు తీశాక పళ్ళమీద తెల్లమచ్చలు మిగులుతాయని డాక్టరమ్మ బెదిరింపు. జంతికలు, చెరకు ముక్క, బీచ్ రోడ్డులో కాల్చిన మొక్కజొన్న పొత్తు, పంటి కింద చప్పుడు చేసేవన్నీ నిషేధం. అమ్మ జాలిపడి జంతికల్ని మజ్జిగలో నానబెట్టి పెట్టింది. తిన్నాను. జంతికకు అంతకన్నా అవమానం ఉండదు.

నాన్నకు మాత్రం ఇదంతా పండగ. ఆయన స్టీల్ ప్లాంటులో, ఎర్రగా కాలిన కడ్డీలను తీగలుగా సాగదీసే మిల్లులో పనిచేసేవాడు. నెలనెలా నన్ను వెలుతురులో కూర్చోబెట్టి, నోరు తెరిపించి, చూసి, "లైనుకొస్తంది రా," అనేవాడు. ఆయన మిల్లులో తయారైన సరుకుకు కూడా అంత ముద్దుగా చెప్పి ఉండడు.

రెండేళ్ళు దాటాక క్లిప్పులు తీశారు. ఆ రోజు డాక్టరమ్మ అద్దం చేతికిచ్చింది. నవ్వాను. నా చెయ్యి అద్దం పట్టుకుని ఉంది, ఇంకో చెయ్యి ఒళ్ళో ఉంది. అప్పుడావిడ ఒక పల్చటి ప్లాస్టిక్ తొడుగు పళ్ళకు తొడిగింది. రిటైనర్ అన్నారు.

"పళ్ళను తెచ్చి వరసలో నిలబెట్టాం గానీ అవింకా అద్దెకున్నట్టే బాబూ. ఇది తీసేస్తే సామాను సర్దుకుని పాత ఇంటికి పోతాయి. తినేటప్పుడు, తోముకునేటప్పుడు తప్ప తియ్యొద్దు. పోగొట్టుకుంటే ఆ రోజే ఫోన్ చెయ్యి, వారాలు పోనివ్వకు."

ఆ తొడుగు పెట్టుకుంటే ఎవరికీ కనబడదు. కనబడకపోవడమే దాని గొప్ప. ఆ గొప్పే నా కొంప ముంచింది.

కొన్ని నెలలకు భీమిలిలో మావయ్య కొత్తింటి గృహప్రవేశం. షామియానా కింద అరిటాకుల్లో భోజనాలు. పంక్తిలో కూర్చున్నాక రిటైనర్ తీశాను. డబ్బా ఇంట్లోనే మరిచిపోయాను. జేబులో పెడితే విరుగుతుందని, పక్కనున్న బావ కంటబడితే నలుగురికీ చూపిస్తాడని, ఆకు అవతలి మూల ఉప్పు పక్కన పెట్టి, మీద అప్పడం కప్పాను. ఆ అప్పడం తినాలనిపించినా తినలేదు. నిగ్రహానికి నన్ను నేనే మెచ్చుకున్నాను.

పెరుగన్నం అయ్యాక లేవబోతుంటే అత్త వెనకే నిలబడి ఉంది.

"ఒరే, ఈ కాలం కుర్రగుంటలకి ఏటీ తెలీదు. మంచి కార్యం, ఆకు నీకేసి మడతెట్టు. అటేపు మడిసేవంటే సావు బోజనం అయిపోద్ది."

ఆ తేడా నాకు తెలుసు. శుభకార్యంలో విస్తరి మన వైపుకు మడవాలి, దినకార్యంలో అవతలికి. అత్త చూస్తోందని మరీ పద్ధతిగా, అవతలి అంచు పట్టుకుని, అప్పడంతో సహా నా వైపుకు మడిచి, పైన అరచేత్తో నొక్కాను. నా జీవితంలో పూర్తి మర్యాదతో చేసిన పని బహుశా అదొక్కటే.

భోజనాలయ్యాక బావతో కలిసి సముద్రం ఒడ్డుకు వెళ్ళాను. అక్కడ ఏదో మాటకు నవ్వితే గాలి పళ్ళకు తగిలింది. నాలుక వెళ్ళి తడిమింది. ఏమీ లేదు. పరిగెత్తుకుంటూ తిరిగొచ్చేసరికి విస్తళ్ళన్నీ ఇంటి వెనక గుట్టగా పడి ఉన్నాయి. రెండు ఆవులు అప్పటికే రెండో పంక్తి భోజనం చేస్తున్నాయి.

నాన్న సంగతి విని, ఇస్త్రీ చొక్కా చేతులు పైకి మడిచి, ఒక్కో ఆకూ విప్పడం మొదలుపెట్టాడు. సాంబారు, గుమ్మడికాయ కూర, సగం కొరికిన బూరెలు. నేను కర్రతో గెలుకుతున్నాను. బావ ఆవులను అదిలిస్తూ, "నీ నవ్వు ఆవు తినేసింది బావా. రేపు పాలు పితికితే అదీ ఇకిలిస్తాదేమో సూడాల," అన్నాడు. నాకు నవ్వాగలేదు. ఆ గుట్ట పక్కన నిలబడి, చెయ్యి అడ్డం లేకుండా, నా మీద నేనే నవ్వుకున్నాను.

దొరకలేదు. ఇంటికి తిరిగొచ్చే బస్సులో, రేపే డాక్టరమ్మకు ఫోన్ చేస్తానన్నాను. నాన్న కిటికీలోంచి చూస్తూ ఆలోచించి చెప్పాడు.

"ఒరే, కడ్డీ ఎర్రగా ఉన్నప్పుడే వంగుద్ది. సల్లారిపోనాక దాని లైను మారదు. నీ పళ్ళు సల్లారిపోయి సానా నాళ్ళయింది. ఎక్కడికెల్తాయి? ముందు పరీచ్చలు సూసుకో."

ఇనుముతోనే బతికినవాడి మాట. పైగా ఆ మాట డాక్టరమ్మ మాటకన్నా మెత్తగా ఉంది. పళ్ళను పట్టుకునే ఎముక ఇనుము కాదనీ, అది ఎన్నటికీ చల్లారదనీ మా ఇద్దరిలో ఎవరికీ తట్టలేదు. పరీక్షలు రాశాను. ఫార్మసీలో మందులన్నిటి గురించీ చదివి పాసయ్యాను, రోజూ వేసుకోవాల్సిన ఆ ఒక్కటీ వేసుకోకుండా.

పళ్ళు కదిలిన సంగతి ముందు కనిపెట్టింది అద్దం కాదు, అమ్మ. ఒకరోజు టీవీ చూస్తూ నేను నవ్వితే అడిగింది:

"ఏటి, మళ్ళీ సెయ్యడ్డం పెట్టుకుంటన్నావు?"

చూసుకున్నాను. చెయ్యి నిజంగానే నోటి మీద ఉంది. నాకు తెలియకముందే దానికి తెలిసిపోయింది. ఒక ముందుపన్ను పక్కదాని భుజం మీదికి ఒరిగి ఉంది.

అప్పుడైనా వెళ్ళాల్సింది. అప్పటికి పరవాడలో ఒక మందుల కంపెనీ ల్యాబులో ఉద్యోగమొచ్చింది. షిఫ్టంతా ముఖానికి మాస్కే. ముఖంలో సగం కంపెనీదే అయినప్పుడు పళ్ళు ఎలా ఉంటేనేం అనుకున్నాను. మాస్కు వెనక నేను ఎంత వంకరగా నవ్వినా మందుల బ్యాచ్ పరీక్షలో పాసయ్యేది. అలా ఇంకో రెండేళ్ళు పోయాయి. చివరికి నాన్నే పట్టుబట్టి గాజువాక తీసుకెళ్ళాడు.

"మళ్ళీ క్లిప్పులేసీండమ్మా," అన్నాడు కూర్చోకముందే. "ఈసారి నాను దగ్గరుండి సూసుకుంటాను."

డాక్టరమ్మ ఎక్స్‌రే దీపానికి ఎదురుగా పెట్టింది. ముందుపళ్ళ వేళ్ళు మొద్దుబారిన పెన్సిళ్ళలా కనబడ్డాయి.

"మొదటిసారి జరిపినప్పుడే వేళ్ళు కాస్త అరిగాయి. కొందరికి అలా అవుతుంది. మళ్ళీ జరిపితే ఇంకా అరుగుతాయి, పళ్ళు వదులైపోతాయి. నేనైతే చెయ్యనండి. ఇప్పుడున్నచోటు నుంచి ఇంకా పోకుండా పట్టి ఉంచడానికి ఒక ప్లేటు చేసిస్తాను. అంతే."

"వెంటనే వచ్చుంటే?" అన్నాను.

"ఆ వారమే వచ్చుంటే ఇంకో తొడుగు చేసిచ్చేదాన్ని. అయిపోయేది."

నాన్న ఎక్స్‌రేకేసి వంగాడు. "కదలవని సెప్పింది నానే," అన్నాడు, ఎవరితోనో తెలియకుండా. నేను నమ్మింది ఆయన చెప్పాడని కాదు, నాకు నమ్మాలని ఉండబట్టి. ఆ మాట చెబుదామని నోరు తెరిచేలోపు డాక్టరమ్మ అందులో అచ్చు తీసే ముద్ద పెట్టేసింది.

తర్వాతి వారం ప్లేటు తయారైంది. ఈసారిది తీగ ఉన్న రకం, గులాబీ రంగులో, అంగిలికి అతుక్కుంటుంది. నా పళ్ళ ప్రతి వంకరకూ అదీ అంతే వంకరగా తయారై వచ్చింది. తొడిగితే ఎక్కడా బిగించలేదు, ఎక్కడా నొప్పి పెట్టలేదు. అంత చక్కగా సరిపోయిన వస్తువు నా నోట్లో ఎప్పుడూ లేదు.

బయట వరండాలో నాన్న లేచి నిలబడ్డాడు.

"సరిపోయిందా?"

ప్లేటు కొత్త కదా, నాలుక దానికి తట్టుకుంది. "థరిపోయింది నాన్నా," అన్నాను.

మా వైపు వాళ్ళు 'చ'ను ఎప్పుడో వదిలేసి 'స'తో సరిపెట్టుకున్నారు. ఇప్పుడు 'స' కూడా పోయింది. వేరే రోజైతే నాన్న ఆ ఒక్క మాటకు గాజువాక జంక్షన్ దాకా నవ్వుకుంటూ వచ్చేవాడు. ఆ రోజు బండి తాళం తీసి, తల ఊపి, "పద," అన్నాడు.